కొత్త యాప్‌లో చేరేముందే బయటికి దారి చూసుకోవడం ఎలా

నా ఉద్యోగం డేటా మైగ్రేషన్. ఏదో ఒక సంస్థ పాత సాఫ్ట్‌వేర్‌ని వదిలేసి కొత్తదానికి మారుతుంది. పాతదాంట్లో ఏళ్ల తరబడి పోగుపడిన పేర్లు, బిల్లులు, ఉత్తరాలు, స్కాన్ చేసిన కాగితాలు ఒక్కటి కూడా జారిపోకుండా కొత్తదాంట్లోకి చేర్చాలి. ప్రోగ్రామర్లలో ఇదేమంత మోజున్న పని కాదు. కొత్తది కట్టినవాళ్లకు చప్పట్లు, పాతది మోసుకొచ్చినవాళ్లకు తిట్లు. కానీ ఈ పనిలో ఉన్నవాడికి ఒక చూపు అలవాటైపోతుంది. ఏ సాఫ్ట్‌వేర్ చూపించినా "బాగుంది, మరి ఇందులో వేసింది బయటికెలా తీస్తారు?" అన్న మాటే ముందు నోట్లోంచి వస్తుంది.

మా అక్క కొత్త యాప్ ఏదైనా పెట్టుకునేముందు నాకు ఫోన్ చేస్తుంది. ఫ్రీనా, మంచిదేనా, సేఫేనా అని అడుగుతుంది. "ఎక్స్‌పోర్ట్ ఉందేమో చూశావా అక్కా?" అంటాను. అంటే, యాప్‌లో వేసినదాన్ని ఫైలుగా బయటికి తీసుకునే దారి. "ఇంకా చేరనే లేదు, అప్పుడే బయటికి రావడం గురించి ఏంట్రా!" అని విసుక్కుంటుంది.

చేరకముందే చూడాలి. ఎందుకంటే చేరేదాకానే మన మాట చెల్లుతుంది. ఐదేళ్ల లెక్కలు అందులో పెట్టాక, వాళ్లు నెలకింత కట్టమంటే కడతాం, కొత్త షరతులు పెడితే చదవకుండా ఒప్పుకుంటాం. నోట్సు రాసుకునే యాప్ ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలను 50 నోట్లకు, ఒక్క నోట్‌బుక్‌కు కుదించింది. అది తప్పని నేను అనను, వాళ్లదీ వ్యాపారమే. పాత నోట్లు లాక్కోలేదు, ఎక్స్‌పోర్ట్ మూయలేదు. అందుకే పోవాలనుకున్నవాళ్లు మూటాముల్లె సర్దుకుని పోగలిగారు. అదే ఎక్స్‌పోర్ట్ లేని యాప్ అయితే? నోరు మూసుకుని కట్టడమే.

ప్రతి యాప్‌కీ ఇంత తతంగం అక్కర్లేదని ముందే చెప్పేస్తున్నాను. వాతావరణం చూపించే యాప్, టికెట్లు బుక్ చేసే యాప్, టైంపాస్ ఆటలు, వీటిలో ఏది రేపు మాయమైనా ఇంకొకటి దించుకుంటాం, అంతే. మనం ఎంత వాడుతున్నామన్నది ముఖ్యం కాదు, అందులో మన సొంతది ఎంత పోస్తున్నామన్నదే ముఖ్యం. డైరీ, జమాఖర్చులు, ఫోటోలు, ఆరోగ్యం రికార్డులు, పాస్‌వర్డులు, చదువుతూ రాసుకున్న నోట్సు, ఇలా ఏళ్ల తరబడి పెరిగేవాటికే ఈ పద్ధతి.

ముందు వెతకాల్సింది

యాప్ వెబ్‌సైట్‌లో హెల్ప్ పేజీలు ఉంటాయి. అక్కడ "ఎక్స్‌పోర్ట్" అని వెతకండి. ఫోన్ యాప్‌లో ఆ బటన్ లేకపోయినా కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిస్తే కనిపించడం మామూలే, అందుకని రెండూ చూడాలి. సెట్టింగ్స్‌లో అకౌంట్, ప్రైవసీ, డేటా అన్న పేర్ల కింద ఎక్కడో నక్కి ఉంటుంది. పాత యాప్‌ల నుంచి ఇంపోర్ట్ చేసుకోవడానికి రకరకాల దారులు పెట్టి, బయటికి పోవడానికి ఒక్కటీ పెట్టలేదంటే అది మరిచిపోయి కాదు. కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది. ఎక్స్‌పోర్ట్ డబ్బు కట్టినవాళ్లకే అన్న షరతు ఉందేమో కూడా చూడండి. నా దృష్టిలో అది లేకపోవడం కన్నా కొంచెం నయం, అంతే.

బటన్ దొరికింది కదా అని సంతోషించకండి. అది ఏమిస్తుందో చూడాలి. కొన్ని యాప్‌లు పీడీఎఫ్ ఇస్తాయి. చూసుకోవడానికి, ప్రింట్ తీసుకోవడానికి బాగుంటుంది, ఇంకో యాప్‌లోకి ఎక్కించడానికి దాదాపు పనికిరాదు. కొన్ని "బ్యాకప్" ఇస్తాయి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ బ్యాకప్ ఫైలు మళ్లీ అదే యాప్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. ఫోన్ పోతే అది కాపాడుతుంది, కంపెనీయే పోతే కాపాడదు. మనకు కావలసింది వేరే ప్రోగ్రాం చదవగలిగే ఫైలు. పట్టికలకు సీఎస్‌వీ (గడులను కామాలతో విడదీసి రాసే టెక్స్ట్ ఫైలు), కొంచెం చిక్కుగా ఉండే సమాచారానికి జేసన్ (ప్రతి విలువ పక్కనా దాని పేరు రాసే టెక్స్ట్ ఫైలు), రాతకు మామూలు టెక్స్ట్ లేదా మార్క్‌డౌన్ (శీర్షికలు, జాబితాలను చిన్న గుర్తులతో చూపే టెక్స్ట్), ఫోటోలకు జేపెగ్.

పాతిక ఎంట్రీలు వేసి పరీక్ష పెట్టండి

ఈ మెట్టు దగ్గర బద్ధకించొద్దు. అసలు సమాచారం పోయకముందే కొన్ని దొంగ ఎంట్రీలు వేసి, ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన ఫైలుని వేరే ప్రోగ్రాంలో తెరవాలి. ఎంట్రీలు ఊరికే ఏవో వేస్తే కుదరదు, కావాలనే పెంకివి వేయాలి. ఆఫీసులో నేను వాడే జాబితా దాదాపు ఇదే:

తెలుగులో రాసిన పేరు, అందులో ఒత్తులు, సున్నలు తప్పనిసరి. సున్నాతో మొదలయ్యే ఒక నంబరు. 16 అంకెల నంబరు ఒకటి. మార్చి 4 లాంటి తేదీ ఒకటి, మార్చి 25 లాంటిది ఇంకొకటి. కామాలు, కొటేషన్ గుర్తులు, మధ్యలో లైను మార్పులు ఉన్న పొడుగాటి నోటు. ఒక ఫోటో అటాచ్ చేసిన ఎంట్రీ. వేసి తర్వాత దిద్దిన ఎంట్రీ. వేసి చెరిపేసిన ఎంట్రీ.

ఫైలు వచ్చాక ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు పేర్ల స్థానంలో పిచ్చి గీతలు కనబడొచ్చు. వెంటనే యాప్‌ని తిట్టకండి. చాలాసార్లు ఫైలు బాగానే ఉంటుంది, ఎక్సెలే దాన్ని తప్పుగా చదువుతుంది. ఖాళీ షీటు తెరిచి, డేటా ట్యాబ్‌లో "ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ" నొక్కి, ఫైల్ ఆరిజిన్ దగ్గర "65001: యూనికోడ్ (యూటీఎఫ్-8)" ఎంచుకోండి. అక్షరాలను ఫైలులో ఏ కోడ్లతో దాచాలో చెప్పే పద్ధతి (ఎన్‌కోడింగ్) పేరు అది. అక్షరాలు కుదుటపడితే యాప్ పాసైనట్టే. లిబ్రెఆఫీస్ అయితే ఫైలు తెరిచేటప్పుడే ఏ ఎన్‌కోడింగో అడుగుతుంది, ఆ విషయంలో దానికే నా ఓటు.

అంకెల దగ్గర ఎక్సెల్ మరీ చొరవ చూపిస్తుంది. ముందున్న సున్నాని తీసేస్తుంది. 15 అంకెల వరకే కచ్చితంగా గుర్తుంచుకుంటుంది కాబట్టి 16 అంకెల నంబరులో చివరి అంకె సున్నా అయిపోతుంది. తేదీలా అనిపించిన ప్రతిదాన్నీ తేదీ చేసేస్తుంది. దీనికి పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే తలవంచారు. మనిషి జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ 2020లో కొన్ని పేర్లనే మార్చేసింది. మార్చ్1 అనే జన్యువును ఎక్సెల్ మార్చి 1గా చదువుతోందని దాన్ని మార్చ్‌ఎఫ్1 అన్నారు, సెప్ట్1 అన్నదాన్ని సెప్టిన్1 అన్నారు. సాఫ్ట్‌వేర్ మారేదాకా ఆగడం కన్నా జన్యువు పేరు మార్చడమే తేలికని తేల్చుకున్నారన్నమాట. మన పని ఇంకా తేలిక. దిగుమతి చేసేటప్పుడు ఆ నిలువు వరసలను "టెక్స్ట్" అని చెప్పి తెరవండి, ఆ తర్వాత పోల్చి చూడండి.

మార్చి 4 ఎంట్రీ ఏప్రిల్ 3 అయిందా చూడండి. సంవత్సరం, నెల, రోజు వరసలో రాసే యాప్‌కి నేను కళ్లు మూసుకుని మార్కులేస్తాను. పొడుగాటి నోటు మధ్యలో తెగి రెండు వరసలుగా విడిపోయిందా చూడండి. ఫోటో వచ్చిందా, లేక ఫోటో ఉన్న వెబ్ చిరునామా మాత్రమే వచ్చిందా? చిరునామా మాత్రమే వస్తే ఖాతా మూసిన రోజున ఫోటో కూడా పోయినట్టే. చెరిపేసిన ఎంట్రీ ఎక్స్‌పోర్ట్‌లో కనిపిస్తే మాత్రం అది వేరే రకం ప్రమాదం. మనం చెరిపింది వాళ్లు చెరపడం లేదు. డైరీ, ఆరోగ్యం లాంటి విషయాలైతే ఆ యాప్‌ని నేను అక్కడితో వదిలేస్తాను.

ఈ పరీక్షంతా అరగంట పని. దానికే ఓపిక లేదంటే మీరు అందులో పోయబోయేది అంత ముఖ్యం కాదేమో, అదీ తెలుసుకోవలసిందే.

ఏ ఫైళ్లు ఎక్కువకాలం బతుకుతాయి

కంపెనీలు పోతాయి, ఫార్మాట్లు మిగులుతాయి. అన్నీ కాదు గానీ, కొన్ని. టెక్స్ట్ ఫైలు నా లెక్కలో మొదటిది. యూటీఎఫ్-8ని కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించారు, ఈరోజు వెబ్ దాదాపు మొత్తం దాని మీదే నడుస్తోంది. యూటీఎఫ్-8లో రాసుకున్న తెలుగు ఇంకో ముప్పై ఏళ్ల తర్వాత కూడా చదవగలరని ధైర్యంగా చెప్పగలను. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఇంకొకటి. మీ ఫోన్‌లో ఎన్నో యాప్‌లు లోపల దాన్నే వాడుతున్నాయి. దాన్ని తయారు చేసినవాళ్లు 2050 దాకా నిలబెడతామని మాటిచ్చారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా డేటా దాచడానికి సిఫార్సు చేసే ఫార్మాట్లలో దాన్ని చేర్చింది. కాగితాల స్కాన్లకు పీడీఎఫ్/ఏ అని దీర్ఘకాలం దాచడానికే 2005లో ప్రమాణం చేసిన రకం ఉంది, సేవ్ చేసేటప్పుడు ఆ ఆప్షన్ కనిపిస్తే ఎంచుకోండి.

తెలుగు రాసేవాళ్లకు ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే ఉంది. కానీ అచ్చు కోసం కంప్యూటర్లో పేజీలు కట్టే డీటీపీ ప్రపంచం చాలాకాలం 'అను' లాంటి ఫాంట్ల మీదే నడిచింది. వాటిలో ఫైలులో ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్లే, ఫాంటు వాటి మీద తెలుగు బొమ్మలు వేసి చూపిస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు బయటపడతాయి. ఫైలు పోలేదు, సీడీ చెడిపోలేదు, అయినా చదవలేం. మీ ఇంట్లో ఎవరివైనా అలాంటి పాత ఫైళ్లు ఉంటే ఇలా చేయండి. ఏ ఫాంటులో టైప్ చేశారో డాక్యుమెంట్ తెరిచి పేరు రాసుకోండి, ఆ ఫాంటు ఫైలు దొరికితే పక్కనే దాచండి, ఆ ఫాంటుకు సరిపోయే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి. ఆ తర్వాత కూర్చుని చదవక తప్పదు, ముఖ్యంగా ఒత్తుల దగ్గర. కన్వర్టర్లు తప్పటడుగు వేసేది అక్కడే. పాత ఫైలుని మాత్రం పారేయకండి. రేపు ఇంకా మంచి కన్వర్టర్ రావచ్చు.

ఫోటోలు

గూగుల్ ఫోటోస్‌లో ఉన్నవి దించుకోవడానికి గూగుల్ టేకౌట్ ఉంది, 2011 నుంచి నడుస్తోంది. అడిగితే జిప్ ఫైళ్లుగా కట్టి లింకు పంపుతుంది. ఒక్కో జిప్ 50 జీబీ దాకా ఎంత ఉండాలో మనమే చెప్పొచ్చు. నెట్ మధ్యలో తెగే అలవాటుంటే చిన్నవే మేలు. లింకు వారం రోజుల్లో చచ్చిపోతుంది, కాబట్టి తీరిక ఉన్న వారంలోనే అడగండి. వచ్చినవి తెరిచి చూస్తే ప్రతి ఫోటో పక్కనా ఒక జేసన్ ఫైలు కనబడుతుంది. చెత్త అనుకుని చెరిపేయకండి. యాప్‌లో మీరు దిద్దిన తేదీలు, రాసుకున్న వివరణలు ఉండేది అందులోనే. వాటిని మళ్లీ ఫోటోలోకి ఎక్కించడానికి ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, కొంచెం కమాండ్ లైన్ తెలిసినవాళ్ల సాయం తీసుకోండి. ముందు ఒక నెల ఫోటోలతో ప్రయత్నించి, అది కుదిరాకే మొత్తం.

"అంత పెద్ద కంపెనీ దగ్గర ఉంటే భయమెందుకు?" అని బావగారు అడుగుతుంటారు. మైస్పేస్ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద సోషల్ నెట్‌వర్క్. 2015, అంతకుముందు జనం ఎక్కించిన ఫోటోలు, వీడియోలు, పాటలు సర్వర్ మైగ్రేషన్‌లో పోయాయని 2019లో చెప్పింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అది నేను రోజూ చేసే పనే మరి.

వాట్సాప్ చాట్లకూ ఎక్స్‌పోర్ట్ ఉంది. కానీ ఫోటోలతో అయితే చివరి 10,000 సందేశాలు, ఫోటోల్లేకుండా అయితే 40,000 వరకే ఇస్తుంది. ఆ టెక్స్ట్ ఫైలుని మళ్లీ వాట్సాప్‌లోకి ఎక్కించలేం, చదువుకోవడానికి మాత్రమే. ఇంట్లో పెద్దవాళ్ల వాయిస్ మెసేజీల్లాంటివి ఉంటే మొత్తం చాట్ మీద ఆధారపడకండి, ఒక్కొక్కటీ విడిగా సేవ్ చేయండి.

కొన్నవి, బిగించినవి

డిజిటల్ పుస్తకాలు, సినిమాలు, ఆటల దగ్గర "బై" అని రాసి ఉన్న బటన్ నొక్కుతాం, చేతికొచ్చేది మాత్రం లైసెన్సు, అంటే వాడుకునే అనుమతి. 2009లో అమెజాన్, హక్కుల గొడవ వల్ల, జనం కొనుక్కున్న కొన్ని ఈ-పుస్తకాలను వాళ్ల కిండిల్‌లలోంచే తీసేసింది, డబ్బు తిరిగిచ్చింది, తర్వాత క్షమాపణ చెప్పింది. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసి, డబ్బు వాపసిచ్చింది, పుస్తకాలు మాత్రం తెరుచుకోవడం మానేశాయి. కాలిఫోర్నియాలో 2025 నుంచి, ఇలాంటివి అమ్మేటప్పుడు కొంటున్నది లైసెన్సు మాత్రమేనని చెప్పాలన్న చట్టం వచ్చింది. నా పద్ధతి ఇది: ఒకసారి చదివి వదిలేసేవి ఎక్కడైనా సరే. మళ్లీ మళ్లీ తెరిచేవి తాళం లేని ఫైలుగా అమ్మేచోట కొంటాను, దొరక్కపోతే కాగితం పుస్తకం.

గ్యాడ్జెట్లకు పరీక్ష ఒక్కటే, రూటర్ ఆపేయడం. కొన్నాక వాపసు ఇవ్వడానికి గడువు ఉండగానే చేయండి. ఇంటర్నెట్ లేకపోతే లైటు గోడమీది స్విచ్చుతో వెలగాలి, తాళం తాళంచెవితో తెరుచుకోవాలి, కెమెరా తన మెమరీ కార్డులోకి రికార్డు చేస్తూనే ఉండాలి. రివాల్వ్ అని స్మార్ట్ హోం హబ్ ఒకటుండేది, అంటే ఇంట్లో లైట్లు, తాళాల్లాంటివన్నీ ఒకచోట నుంచి నడిపే పెట్టె. దాన్ని 2014లో గూగుల్‌కు చెందిన నెస్ట్ కొనుక్కుంది, 2016 మేలో సర్వర్లు ఆపేసింది. పెట్టెలో ఏ భాగమూ చెడిపోలేదు, అయినా ఆ రోజు నుంచి అది పేపర్ వెయిటే. ఫ్రిజ్‌కి, కుర్చీకి, టూత్‌బ్రష్‌కి ఖాతా తెరవమంటే నేను ఖాతా తెరవకుండా ఎంతవరకు పని చేస్తుందో చూస్తాను. ఆశ్చర్యంగా చాలావరకు చేస్తాయి.

తలుపు తాళాలు ఎవరి దగ్గరున్నాయి

ఎక్స్‌పోర్ట్ బటన్ ఎంత బాగున్నా లాగిన్ కాలేకపోతే దండగ. "ఫలానా ఖాతాతో సైన్ ఇన్" బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక తలుపు తాళంచెవిని ఇంకొకరి దగ్గర దాస్తున్నాం. ఆ పెద్ద ఖాతా ఏ కారణంతోనైనా ఆగిపోతే వెనకున్న చిన్న ఖాతాలన్నీ వరసగా మూతపడతాయి. ముఖ్యమైన వాటికి ఈమెయిల్, పాస్‌వర్డ్‌తోనే చేరండి. ఆఫీసు ఈమెయిల్‌తో సొంత ఖాతాలు మాత్రం వద్దే వద్దు. ఉద్యోగం మానేసిన సాయంత్రానికే ఆ డబ్బా మూసేస్తారు. వీలైతే సొంత డొమైన్ (ఇంటర్నెట్‌లో మన పేరు మీద ఉండే చిరునామా) కొని దానిమీద ఈమెయిల్ పెట్టుకోండి. మెయిల్ నడిపే కంపెనీ నచ్చకపోతే చిరునామా మారకుండానే ఇంకో కంపెనీకి మారొచ్చు. ఏటా డొమైన్ రెన్యూవల్ మరిచిపోతే మాత్రం మొత్తం పోతుంది, ఆటోమేటిక్ రెన్యూవల్ పెట్టండి.

ఫోన్ నంబరు విషయం ఇంకొంచెం చికాకు. మనం వదిలేసిన నంబర్లను టెలికాం కంపెనీలు కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇస్తాయి. నంబరు మార్చేముందు దానిమీద ఓటీపీ వచ్చే ఖాతాలన్నీ జాబితా రాసుకుని మార్చండి. రెండో మెట్టు లాగిన్‌కి ఎప్పటికప్పుడు కొత్త కోడ్ చూపించే అథెంటికేటర్ యాప్ పెట్టుకునేటప్పుడు క్యూఆర్ కోడ్ కింద "స్కాన్ చేయలేకపోతే ఈ కీ టైప్ చేయండి" అని ఒక పొడుగు అక్షరాల వరస చూపిస్తారు. దాన్నీ, బ్యాకప్ కోడ్లనీ కాగితం మీద రాసి భద్రంగా దాచండి. ఫోన్ నీళ్లలో పడ్డ రోజున ఆ కాగితమే దిక్కు. పాస్‌వర్డ్ మేనేజర్లు దాదాపు అన్నీ సీఎస్‌వీకి ఎక్స్‌పోర్ట్ చేస్తాయి. ఆ ఫైలులో పాస్‌వర్డులన్నీ బట్టబయలుగా ఉంటాయి కాబట్టి కొత్తదాంట్లో ఎక్కించిన వెంటనే చెరిపేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

నా తోటి ప్రోగ్రామర్లు కొందరు ఈ మాటలన్నీ విని, "అందుకే నేను అన్నీ ఇంట్లో సొంత సర్వర్ మీద పెట్టుకున్నా" అంటారు. సరదాకైతే బాగుంది. కానీ ఆ సర్వర్ పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు, డిస్కు పోతే ఏం చేయాలో వాళ్లకూ తెలియదు. ఇంట్లోవాళ్ల వైపు నుంచి చూస్తే ఈయనే ఎక్స్‌పోర్ట్ లేని కంపెనీ. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ 2013 నుంచి ఉంది. మనం ఇన్ని నెలలు లాగిన్ కాకపోతే మన డేటా ఎవరికి అందాలో ముందే రాసి పెట్టొచ్చు. ఆపిల్‌లో మన తర్వాత డేటా ఎవరికి అందాలో ముందే చెప్పే లెగసీ కాంటాక్ట్ ఉంది, అయితే కొన్న సినిమాలు, ఆపిల్ కీచైన్‌లో దాచిన పాస్‌వర్డులు దాని ద్వారా అందవు. ఈ రెండూ ఈ వారమే నింపండి. పది నిమిషాలు కూడా పట్టదు.

మనుషులను ఎక్స్‌పోర్ట్ చేయలేం

ఇదొక్కటీ ఏ బటనూ తీర్చదు. నా డేటా నాకు ఇమ్మనే హక్కు కొన్ని చోట్ల చట్టంలోనే ఉంది. యూరప్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 20వ అధికరణం, యంత్రం చదవగలిగే రూపంలో ఇవ్వాలంటుంది. బాగానే ఉంది. కానీ నేను గ్రూపులోంచి బయటికి వస్తే నా సందేశాలు నాతో వస్తాయి, స్నేహితులు రారు. మంచి యాప్ ఎంతమందికి చూపించినా "అందరూ ఇక్కడే ఉన్నారుగా" అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోతుంది. అది బద్ధకం కాదు, లెక్క ప్రకారం సరైన జవాబే. ఒక్కడు కదిలితే నష్టపోయేది ఆ ఒక్కడే.

కాబట్టి ఏదైనా సంఘమో, పాత విద్యార్థుల గ్రూపో మీ చేతిమీదుగా నడుస్తుంటే, సభ్యుల పేర్లు, ఈమెయిళ్లు వాళ్ల అనుమతితో విడిగా ఒక ఫైలులో ఉంచండి. నిర్ణయాలు, లెక్కలు చాట్‌లోనే వదిలేయకుండా నెలకోసారి ఒక డాక్యుమెంట్‌లోకి ఎత్తి రాయండి. మనం చదివే సైట్లలో కొత్తగా వచ్చినవన్నీ ఒకచోట చూపించే గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడినప్పుడు జనం పెద్దగా నష్టపోకుండా వేరే రీడర్లకు మారిపోయారు. చదివే సైట్ల జాబితా ఓపీఎంఎల్ అనే చిన్న ఫైలుగా బయటికొచ్చేది, సైట్లేమో ఎవరి చోట వాళ్లు ఆర్‌ఎస్‌ఎస్ (కొత్త రాతల జాబితాను ఏ రీడరైనా చదవగలిగేలా ఇచ్చే ఫైలు) పంపుతూనే ఉన్నారు. మధ్యలో ఉన్న కంపెనీ పోయినా రెండు కొసలూ మిగిలాయి. పాడ్‌కాస్టులు ఈరోజుకీ అలాగే నడుస్తున్నాయి, ఏ యాప్‌లో విన్నా అదే ఎపిసోడ్.

బయటికి వచ్చేటప్పుడు

వరస ముఖ్యం. ముందు ఎక్స్‌పోర్ట్, తర్వాత ఆ ఫైలు తెరిచి చూడడం. పాతదాంట్లో ఎన్ని ఎంట్రీలు ఉన్నాయో, ఫైలులో ఎన్ని వరసలు ఉన్నాయో సరిచూడండి. మొట్టమొదటి ఎంట్రీ, చిట్టచివరిది, మధ్యలోంచి యథాలాపంగా కొన్ని తీసి పక్కపక్కన పెట్టి చదవండి. కొత్త యాప్‌లోకి ఎక్కించాక పాతదాన్ని వెంటనే చంపేయకండి. కనీసం ఒక నెలాఖరు, అంటే లెక్కలు చూసే రోజో, రిపోర్ట్ తీసే రోజో ఒకటి గడవనివ్వండి. మైగ్రేషన్‌లో తప్పులు రోజువారీ వాడకంలో కనబడవు, నెలాఖరున బయటపడతాయి.

అప్పుడు చందా రద్దు చేయండి. యాప్ చెరిపితే చందా ఆగదు, యాప్ స్టోర్ సబ్‌స్క్రిప్షన్స్ పేజీలో విడిగా రద్దు చేయాలి. జర్మనీలో 2022 జులై నుంచి వెబ్‌సైట్లలో రద్దు బటన్ తప్పనిసరి. మిగతా చోట్ల "మిమ్మల్ని మిస్సవుతాం" అంటూ నాలుగైదు పేజీలు తిప్పుతారు, ఓపిగ్గా చిన్న అక్షరాల లింకే నొక్కుతూ పోండి. రద్దయినట్టు వచ్చిన మెయిల్ దాచుకోండి.

ఖాతా మూయడం ఆఖరు. దాంతో లాగిన్ అయ్యే వేరే సైట్లు ఉన్నాయేమో ఒకసారి చూసి, వాటికి వేరే పాస్‌వర్డ్ పెట్టుకున్నాకే మూయండి. వాడకుండా వదిలేస్తే అదే పోతుందిలే అనుకోవద్దు. గూగుల్ రెండేళ్లు వాడని ఖాతాలను 2023 డిసెంబరు నుంచి తీసేయడం మొదలుపెట్టింది గానీ, అందరూ అలా చేయరు. మీ పాత పాస్‌వర్డూ, పుట్టినరోజూ ఏదో సర్వర్లో పడి ఉంటాయి. డిలీట్ నొక్కాక చాలా కంపెనీలు కొన్నాళ్లు గడువు పెడతాయి, ఫేస్‌బుక్‌లో అది 30 రోజులు. ఈలోపు ఒక్కసారి లాగిన్ అయినా డిలీట్ రద్దయ్యే వీలుంటుంది. ఫోన్, ట్యాబ్, ఆఫీసు కంప్యూటర్, టీవీ, ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉన్నారో అన్నిచోట్లా ముందే లాగౌట్ అయి, యాప్ కూడా తీసేసి, ఆ తర్వాతే డిలీట్ నొక్కండి.